జూక్‌బాక్సు పెట్టెలో మానిటరు దగ్గర స్పీకర్ల అమరిక: ఒక ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి సెలవులు: తెర ఎంపిక

ఇంట్లో కడుతున్న జూక్‌బాక్సుకు, అంటే నాణెం వేసి పాట ఎంచుకునే పెట్టెకు, తెరగా 17 అంగుళాల పాత పిక్చర్ ట్యూబు మానిటరునే వాడాలని నిర్ణయించుకున్నాను. ఎల్‌సీడీ తెర పెడితే ఈ డైరీలో రాయబోయే శ్రమలో సగానికి పైగా ఉండదు. ఎల్‌సీడీలో బొమ్మను గీసేది ఎలక్ట్రాన్ పుంజం కాదు కనుక స్పీకరు అయస్కాంతం ఆనుకొని ఉన్నా రంగులు చెదరవు. అయితే నా దగ్గరున్న పాత ఎల్‌సీడీని బల్ల మీద నిలబెట్టి చూసినప్పుడు, కింది నుంచి తలెత్తి చూసే పిల్లలకు ఒక రంగు, నిలబడి చూసే పెద్దలకు మరొక రంగు కనిపించాయి. ఆ కాలపు చవక ఎల్‌సీడీల్లో ఎక్కువ భాగం టీఎన్ రకానివి, వాటి స్వభావమే అది. జూక్‌బాక్సు ముందుకు వచ్చేవాళ్ళు అందరూ ఒకే ఎత్తులో ఉండరు. పిక్చర్ ట్యూబు ఏ కోణం నుంచి చూసినా ఒకే రంగు చూపిస్తుంది, దాని 4:3 నిష్పత్తి నిలువుగా సాగే పాటల జాబితాకు బాగా కుదురుతుంది. పైగా మా బావగారు క్యాసెట్ల నుంచి ఎంతో ఓపికగా ఎక్కించిన పాటలు ఈ పెట్టెలోకి చేరబోతున్నాయి కాబట్టి, ఆ పాటల కాలానికి తగిన తెర ఉండాలన్న కోరిక కూడా నాకు ఉంది.

తెర ఎంపిక అక్కడితో తేలింది. అసలు సమస్య కూడా అక్కడే మొదలైంది. పిక్చర్ ట్యూబు మెడ దగ్గర ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల కోసం మూడు ఎలక్ట్రాన్ గన్‌లు ఉంటాయి. దాదాపు 25 వేల వోల్టుల పీడనం ఆ ఎలక్ట్రాన్లను తెర వైపు లాగుతుంది. తెరకు కొద్దిగా వెనుక, సన్నని రంధ్రాలున్న పలుచని ఉక్కు రేకు ఒకటి ఉంటుంది, దాన్ని షాడో మాస్క్ అంటారు. ఒక్కో పుంజం ఆ రంధ్రాల గుండా తనకు నిర్ణయించిన కోణంలోనే దూరి, తన రంగు చుక్క మీదనే పడాలి. దారిలో బయటి అయస్కాంత క్షేత్రం తగిలితే పుంజం వెంట్రుకవాసి పక్కకు జరిగి పొరుగు చుక్కను వెలిగిస్తుంది. తెల్లగా ఉండవలసిన చోట గులాబీ రంగో, లేత ఆకుపచ్చో మరకలా పరుచుకుంటుంది. ఈ సున్నితత్వం ఎంతటిదంటే, భూమి అయస్కాంత క్షేత్రమే దీనికి లెక్కలోకి వస్తుంది. ఉత్తరార్ధ గోళానికి, దక్షిణార్ధ గోళానికి వేర్వేరుగా సరిచేసిన మానిటర్లు తయారైంది ఆ కారణం చేతనే. అటువంటి వస్తువు పక్కన అరచేతి వెడల్పు ఫెర్రైటు అయస్కాంతాలున్న రెండు స్పీకర్లను పెట్టాలి, వాటికి తోడు ఆంప్లిఫయరుకు కరెంటిచ్చే ఒక ట్రాన్స్‌ఫార్మరును కూడా పెట్టాలి.

పాత జూక్‌బాక్సులకు ఈ చిక్కు లేదు. 1946లో వచ్చిన వుర్లిట్జర్ 1015 నమూనాను చూస్తే, వంపు తిరిగిన పైభాగంలో గాజు వెనుక రికార్డులు కదిలే యంత్రం కనిపిస్తుంది, కింది జాలీ వెనుక నుంచి పాట వినిపిస్తుంది. పాల్ ఫుల్లర్ దాన్ని తీర్చిదిద్దినప్పుడు పైన ఉన్నది ఇనుప యంత్రం కనుక కింది అయస్కాంతం దానికి ఏమీ చేయదు. నేను ఆ యంత్రం ఉన్న చోట పిక్చర్ ట్యూబును పెడుతున్నాను. అయినా చూపు పైన, శబ్దం కింద అన్న ఆ ఏర్పాటు నాకు సరైనదనే అనిపిస్తోంది. తెరకు అటూ ఇటూ స్పీకర్లు పెట్టే పద్ధతి చూడటానికి సమతూకంగానే ఉంటుంది కానీ, అప్పుడు అయస్కాంతానికీ ట్యూబు గాజుకూ మధ్య జానెడు దూరం కూడా మిగలదు.

కోఠీలోని గుజరాతీ గల్లీలో విడి భాగాల కోసం తిరుగుతున్నప్పుడు, దశాబ్దాలుగా టీవీలు బాగుచేసిన ఒక పెద్దాయనను ఈ సంగతి అడిగాను. “బాబూ, ముందు అయస్కాంతం ఎక్కడ పెడతావో తేల్చుకో, ఆ తరువాతే చెక్క కోయించు,” అన్నారు. ఈ మాటను ఈ ప్రాజెక్టుకు నియమంగా పెట్టుకున్నాను. కొలతలు పూర్తయ్యేవరకు ప్లైవుడ్ కొనను.

శివరాత్రి వారం: దిక్సూచితో కొలతలు

స్పీకరు అయస్కాంతం ఎంత దూరం వరకు ప్రభావం చూపుతుందో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. నేను ఇంటర్మీడియెట్ చదివిన రోజుల్లో డిఫ్లెక్షన్ మాగ్నెటోమీటరుతో చేసిన ప్రయోగమే ఇక్కడ పనికివచ్చింది. ఇనుము లేని చెక్క బల్ల మీద దిక్సూచిని ఉంచి, సూచి ఉత్తరదక్షిణాలుగా నిలిచాక, స్పీకరును దానికి తూర్పున, అయస్కాంతం వీపు దిక్సూచి వైపు ఉండేలా పెట్టాలి. స్పీకరు క్షేత్రం తూర్పుపడమరలుగా లాగుతుంది, భూమి క్షేత్రం ఉత్తరానికి లాగుతుంది, సూచి రెండింటికీ మధ్యలో నిలుస్తుంది. సూచి సరిగ్గా 45 డిగ్రీలు తిరిగిన చోట రెండు క్షేత్రాలూ సమానమన్నమాట. హైదరాబాదులో భూ అయస్కాంత క్షేత్రపు క్షితిజ సమాంతర భాగం సుమారు 40 మైక్రోటెస్లా కనుక, ఆ దూరంలో స్పీకరు క్షేత్రం కూడా అంతే.

ఆరున్నర అంగుళాల సాధారణ స్పీకరుతో ఆ 45 డిగ్రీలు 36 సెంటీమీటర్ల దగ్గర వచ్చాయి. దూరాన్ని రెట్టింపు చేసి 72 సెంటీమీటర్లకు జరిపితే సూచి ఏడు డిగ్రీలు మాత్రమే తిరిగింది. మా మేనకోడలు క్యాలిక్యులేటరు తీసుకొని, “మామయ్యా, టాన్ ఏడు అంటే దాదాపు ఎనిమిదో వంతు. దూరం రెట్టింపైతే క్షేత్రం ఎనిమిదో వంతే మిగిలిందన్నమాట!” అంది. చిన్న అయస్కాంతం నుంచి తగినంత దూరంలో క్షేత్రం దూరపు ఘనానికి విలోమానుపాతంలో తగ్గుతుందన్న పాఠం బల్ల మీద అంత స్పష్టంగా కనిపించడం మా ఇద్దరికీ ఎంతో సంతోషం కలిగించింది. పెట్టె కట్టేవాళ్ళకు దీని వల్ల కలిగే ప్రయోజనం ఏమిటంటే, కవచాల గురించి ఆలోచించే ముందు స్పీకరును మరొక పది సెంటీమీటర్లు దూరం జరపగలమా అని చూసుకోవాలి. 36 సెంటీమీటర్ల నుంచి 46కు జరిపితేనే క్షేత్రం సగానికి దిగిపోతుంది.

అదే ప్రయోగం రెండో భాగంలో మరొక విషయం ఉంది. అయస్కాంతపు అక్షం మీద ఎంత క్షేత్రం ఉంటుందో, అంతే దూరంలో మధ్యలంబ రేఖ (అయస్కాంతం నడిమి నుంచి అక్షానికి లంబంగా పోయే గీత) మీద అందులో సగమే ఉంటుంది. స్పీకరు అక్షం అంటే కోను ముందు నుంచి అయస్కాంతం వెనుకకు పోయే గీత. స్పీకరు వీపు మానిటరు వైపు తిరిగి ఉంటే పూర్తి క్షేత్రం ట్యూబుకు తగులుతుంది, స్పీకరు తన పక్కను మానిటరుకు చూపిస్తే సగమే తగులుతుంది. కింది జాలీ వెనుక ముందుకు చూస్తూ ఉన్న స్పీకరుకు నేరుగా పైన మానిటరు ఉంటే, ట్యూబు సరిగ్గా ఆ మధ్యలంబ రేఖ మీదకే వస్తుంది. పైకప్పు వైపు లేదా నేల వైపు చూసేలా స్పీకరును పడుకోబెట్టే అమరికలో అక్షం నేరుగా ట్యూబులోకి గురిపెట్టినట్లవుతుంది కనుక దాన్ని పక్కన పెట్టేశాను.

తరువాత మానిటరును వెలిగించి, తెరనంతా ఎరుపు రంగుతో నింపి, స్పీకరును మెల్లగా దగ్గరకు తెచ్చి చూశాను. తెలుపు కంటే ఎరుపు తెర మీద మరక త్వరగా బయటపడుతుంది కనుక ఈ పరీక్షకు ఎరుపే మేలు. కవచం లేని స్పీకరు కింది అంచుకు 30 సెంటీమీటర్ల లోపలికి వచ్చేసరికి ఆ మూల నారింజ రంగుకు తిరిగింది. ఎక్కువసేపు ఉంచితే షాడో మాస్క్ ఉక్కు తానే అయస్కాంతంగా మారి, స్పీకరు తీసేసినా మరక మిగిలిపోతుంది. మానిటరు ఆన్ చేసినప్పుడు వినిపించే ఆ గుమ్మనే శబ్దం దాన్ని చెరిపేందుకే. ట్యూబు చుట్టూ ఉన్న డీగాసింగ్ తీగచుట్టలో బలమైన ఏసీ కరెంటు ప్రవహించి, థర్మిస్టరు (వేడితో నిరోధం పెరిగే భాగం) వేడెక్కేకొద్దీ కొన్ని సెకన్లలోనే తగ్గిపోతుంది. అలా తగ్గుతూ పోయే క్షేత్రమే మాస్క్‌లోని అయస్కాంతత్వాన్ని తుడిచేస్తుంది. వెంటనే ఆపి మళ్ళీ ఆన్ చేస్తే థర్మిస్టరు ఇంకా వేడిగానే ఉంటుంది కాబట్టి ఫలితం ఉండదు, కనీసం అరగంట చల్లారనివ్వాలి.

ఉగాదికి ముందు: కవచాలు

దూరం, దిశ సరిచేసుకున్న తరువాత మిగిలిన క్షేత్రాన్ని తగ్గించడానికి స్పీకరు వీపుకు మరొక ఫెర్రైటు వలయాన్ని ఎదురు ధ్రువంతో అతికించాను. అసలు అయస్కాంతం బయటికి ఎటు తోస్తుందో ఈ రెండోది దానికి వ్యతిరేకంగా తోసి, రెండూ బయట ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. సరైన ముఖం ఏదో తెలుసుకోవడం సులభం. వీపుకు అతుక్కుపోయే వైపు తప్పు, చేతిని గట్టిగా వెనక్కి నెట్టే వైపే సరైనది. అలా నెట్టుకునే రెండింటిని జిగురు పట్టేదాకా కలిపి ఉంచడమే ఇందులో కష్టమైన పని. మధ్యలో చెక్క ముక్క వేసి బిగింపు పట్టుతో నొక్కిపెట్టి, ఆరాల్డైటు పూర్తిగా గట్టిపడటానికి రోజంతా కదపకుండా వదిలేశాను. పట్టు జారితే వలయం ఎగిరిపడి ముక్కలవుతుంది, ఫెర్రైటు పింగాణీలాగా పెళుసైనది కనుక కళ్ళద్దాలు పెట్టుకునే చేయాలి.

ఈ రెండో అయస్కాంతం వల్ల స్పీకరు లోపలి ఖాళీలో, అంటే కోనును ఆడించే తీగచుట్ట (వాయిస్ కాయిల్) కదిలే చోట, క్షేత్రం కొద్దిగా పెరుగుతుంది. శబ్దం మీద దాని ప్రభావం చిన్నదే, అయినా రెండు స్పీకర్లకూ ఒకే కొలత వలయాలు పెట్టడం అవసరం. ఎడమ కుడి స్పీకర్లు వేర్వేరుగా వినిపిస్తే ఈ శ్రమకు అర్థం ఉండదు.

దిక్సూచి దగ్గర మళ్ళీ పరీక్షిస్తే 36 సెంటీమీటర్ల వద్ద 45 డిగ్రీలకు బదులు 14 డిగ్రీలు వచ్చాయి. అంటే క్షేత్రం నాలుగో వంతుకు దిగింది. దాని మీద ఇనుప గిన్నెలాంటి తొడుగు వేస్తే ఇంకా తగ్గుతుంది. ఇక్కడ మన వంటింటి స్టీలు డబ్బాల గురించి ఒక మాట చెప్పాలి. మెరిసే టిఫిన్ డబ్బా చేతికి అందుబాటులో ఉంటుంది, కొలత కూడా సరిపోతుంది. కానీ ఎక్కువ డబ్బాలు 304 వంటి అయస్కాంతానికి అంటుకోని రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినవి కనుక అవి ఈ పనికి ఏమాత్రం పనికిరావు. అల్యూమినియం రేకు స్థిర క్షేత్రాన్ని ఆపలేదు. పాలపొడి డబ్బా రేకు ఇనుముదే కానీ మరీ పలుచన, స్పీకరు అయస్కాంతం దగ్గర అది వెంటనే సంతృప్త స్థితికి చేరి క్షేత్రాన్ని బయటికి వదిలేస్తుంది. రెండు మిల్లీమీటర్ల మందపు మెత్తని ఇనుప గొట్టం ముక్కను కోయించి, వెనుక ఇనుప పళ్ళెం వెల్డింగ్ చేయించాను. అది తొడిగాక అదే 36 సెంటీమీటర్ల దగ్గర సూచి ఆరు డిగ్రీలు దాటలేదు. ట్వీటర్లకు మాత్రం ఈ తంతు ఏదీ అవసరం కాలేదు. అవి నియోడిమియం రకానివి, ఆ చిన్న అయస్కాంతం ఇనుప గిన్నె లోపలే ఇమిడి ఉంటుంది కాబట్టి బయటికి వచ్చే క్షేత్రం చాలా తక్కువ.

శ్రీరామనవమి తరువాత: ట్రాన్స్‌ఫార్మరు

స్పీకరు అయస్కాంతం కదలకుండా ఉంటుంది కనుక దాని వల్ల రంగు చెదురుతుంది. ట్రాన్స్‌ఫార్మరు క్షేత్రం సెకనుకు 50 సార్లు అటు వెళ్ళి ఇటు తిరిగి వస్తుంది కనుక దాని వల్ల బొమ్మే వణుకుతుంది, దీన్ని డీగాసింగ్ ఏమీ చేయలేదు. మానిటరు సెకనుకు 60 సార్లు బొమ్మ గీస్తుంటే, 50తో ఉన్న తేడా పది కాబట్టి గీతలు సెకనుకు పదిసార్లు అటూ ఇటూ ఊగుతాయి. 75 సార్లు గీసే అమరికలో ఆ ఊపు సెకనుకు 25 సార్లు వస్తుంది. స్థిర క్షేత్రం పది మైక్రోటెస్లాలున్నా డీగాసింగ్‌తో సర్దుకుపోయే ట్యూబు, ఒక్క మైక్రోటెస్లా ఏసీ క్షేత్రానికే సన్నని అక్షరాలను వణికించగలదు. చాలామంది స్పీకర్ల గురించి జాగ్రత్తపడి, ఆంప్లిఫయరును మాత్రం మానిటరు కిందనే పెడతారు. నా అభిప్రాయంలో ఈ పెట్టెలో ఎక్కువ భయపడవలసినది ట్రాన్స్‌ఫార్మరుకే.

నా ఆంప్లిఫయరు టీడీఏ2030ఏ చిప్పులతో చేసినది, ఒక్కో చానెల్‌కు 15 వాట్ల లోపు శబ్దం ఇస్తుంది. ఇంటి హాలుకు అది సరిపోతుంది. దానికి 12-0-12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు కావాలి. గళ్ళ కాగితంలాంటి గీతల నమూనాను తెర మీద పెట్టి, ట్రాన్స్‌ఫార్మరును పొడవాటి తీగతో దూరంగా వెలిగించి, మెల్లగా దగ్గరకు తెచ్చి చూశాను. మామూలు ఈఐ రకం (E, I అక్షరాల ఆకారపు రేకులు పేర్చిన) ట్రాన్స్‌ఫార్మరు దాని చెడ్డ దిశలో 70 సెంటీమీటర్ల నుంచే గీతలను కదిలించింది. అక్కడే నిలువునా తొంభై డిగ్రీలు తిప్పితే కదలిక ఆగింది, మళ్ళీ కనిపించింది 45 సెంటీమీటర్ల దగ్గర. వలయాకారపు టొరాయిడ్ రకమైతే 25 సెంటీమీటర్ల వరకు వచ్చినా గీతలు నిలకడగానే ఉన్నాయి. టొరాయిడ్ కొనేవాళ్ళు దాన్ని బిగించే నడిమి బోల్టు రెండు కొనలూ ఇనుప చట్రానికి తగలకుండా చూసుకోవాలి. రెండు కొనలూ తగిలితే ఆ బోల్టూ చట్రమూ కలిసి పూర్తి చుట్టుగా మారి, అందులో విపరీతమైన కరెంటు ప్రవహించి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది.

పెట్టె అడుగున పెడితే మానిటరు నడిమికి 95 సెంటీమీటర్ల దూరం వస్తుంది కాబట్టి ఈఐ రకమే చాలునని తేల్చాను. దాన్ని బోల్టులతో బిగించే ముందు, చివరి చోటులోనే నాలుగు వైపులా తిప్పి అత్యంత నిశ్శబ్దమైన దిశను గుర్తు పెట్టుకున్నాను. దాని ఉక్కు మొత్తాన్ని చుట్టి వచ్చేలా వెడల్పాటి రాగి పట్టీ వేసి కొసలను టంకం పెట్టడం ఇంకొక ఉపాయం. ఆ పట్టీలో పుట్టే ఎదురు కరెంటు బయటికి కారే క్షేత్రాన్ని తగ్గిస్తుంది. దూరం చాలినంత ఉండగా నాకు అది అవసరం కాలేదు.

చెక్కపని

కొలతలన్నీ చేతికి వచ్చాకే ఐఎస్ 303 ముద్ర ఉన్న 18 మిల్లీమీటర్ల బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునే) రకం ప్లైవుడ్ తెచ్చి మేస్త్రీకి ఇచ్చాను. పెట్టె ఎత్తు 150 సెంటీమీటర్లు, వెడల్పు 62, లోతు 55. మానిటరు అడుగు నేల నుంచి 92 సెంటీమీటర్ల మీద, స్పీకర్ల నడిమి భాగం 60 సెంటీమీటర్ల మీద, ట్రాన్స్‌ఫార్మరు నేలకు జానెడు ఎత్తున వచ్చాయి. మేస్త్రీ మూలల్లో ఇనుప ఎల్-పట్టీలు వేద్దామన్నారు. అవి స్పీకరుకూ ట్యూబుకూ మధ్య ఉంటే క్రమంగా అయస్కాంతాలుగా మారే ప్రమాదం ఉందని చెబితే, “అయితే సార్, టేకు బద్దలు వేసి జిగురు పెడదాం, ఇనుము కంటే గట్టిగా ఉంటుంది,” అని ఆయనే దారి చూపించారు. పదిహేడు కిలోల మానిటరు ఇప్పుడు ఆ బద్దల మీద నిబ్బరంగా కూర్చుంది.

స్పీకర్లు 60 సెంటీమీటర్ల ఎత్తులో నేరుగా ముందుకు చూస్తే పాట మోకాళ్ళకు వినిపిస్తుంది. అందుకే ముఖపలకను 12 డిగ్రీలు వెనక్కి వంచాను. రెండు మీటర్ల దూరంలో స్పీకరు గురి 42 సెంటీమీటర్లు పైకి లేచి, కుర్చీలో కూర్చున్నవారి చెవికి దాదాపు చేరుతుంది. వంపు వల్ల అయస్కాంతం మరికొంచెం కిందికీ వెనక్కీ జరిగింది, ట్యూబుకు అది మేలే. ఒక్కో స్పీకరుకు పన్నెండు లీటర్ల గాలి పట్టే మూసిన గది వేరుగా కట్టించాను. స్పీకరు వెనుక నుంచి వచ్చే శబ్దం మానిటరు ఉన్న ఖాళీలోకి వెళితే రెండు నష్టాలుంటాయి. ఆ శబ్దం ముందు శబ్దానికి వ్యతిరేకంగా నడిచి మంద్రాన్ని చంపేస్తుంది. మానిటరు ప్లాస్టిక్ డొల్ల గలగలమంటుంది. గదుల అతుకులన్నీ జిగురుతో మూసి, దిండ్లలో నింపే పాలియెస్టరు దూదిని వదులుగా పరిచాను.

అదురు పరీక్ష కోసం 30 నుంచి 200 హెర్ట్జ్ వరకు మెల్లగా పెరిగే స్వరాన్ని వినిపిస్తూ పెట్టె మీద చేయి వేసి చూశాను. 110 హెర్ట్జ్ దగ్గర గరగర వినిపించింది. అది మానిటరు కింది తిరిగే పీట నుంచి వస్తోంది. ఆ పీటను విప్పేసి, మానిటరును నాలుగు రబ్బరు ముక్కల మీద కూర్చోబెట్టాక అదురు పోయింది. ట్రినిట్రాన్ రకం ట్యూబులు వాడేవాళ్ళు ఇక్కడ మరింత జాగ్రత్తపడాలి. వాటిలో రంధ్రాల రేకుకు బదులు నిలువుగా బిగించిన సన్నని పట్టీలు ఉంటాయి, పెట్టె అదిరితే అవీ అదిరి బొమ్మ కంపిస్తుంది. నాది మామూలు షాడో మాస్క్ ట్యూబు కావడం వల్ల ఆ బెడద లేదు.

తీగలు, హమ్మింగ్

మానిటరు స్పీకర్ల చేత ఎంత చెదురుతుందో, ఆంప్లిఫయరు మానిటరు చేత అంతే చెదురుతుంది. 1024 అడ్డం, 768 నిలువు బొమ్మను సెకనుకు 75 సార్లు గీసేటప్పుడు అడ్డగీతలు సెకనుకు 60 వేల చొప్పున పడతాయి. ఆ పౌనఃపున్యం చెవికి వినిపించదు. కానీ దాని ప్రభావం ఆంప్లిఫయరు ఇన్‌పుట్‌లో చేరితే, తెర మీద పాటల జాబితా మారినప్పుడల్లా స్పీకరులో బుర్రుమనే శబ్దం కూడా మారుతుంది. అందువల్ల పాటలు నడిపే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు బోర్డు నుంచి యూఎస్‌బీ సౌండ్ కార్డు ద్వారా వచ్చే ఆడియో తీగను, మానిటరు వీపు దగ్గరకు పోనివ్వకుండా, ఎడమ పక్క పలకను ఆనుకొని నేరుగా కిందికి దించాను. కరెంటు తీగలన్నీ కుడి పక్కన దిగుతాయి. రెండు రకాలూ కలవక తప్పని ఒక్క చోట వాటిని లంబకోణంలో దాటించాను.

అయినా మానిటరు వీజీఏ తీగ తగిలించగానే సన్నని హమ్మింగ్ మొదలైంది. మానిటరుకు మూడు పిన్నుల ప్లగ్గు, ఆంప్లిఫయరుకు మూడు పిన్నుల ప్లగ్గు, రెండింటినీ కలిపే సిగ్నల్ తీగల తొడుగు కలిసి పూర్తి చుట్టుగా ఏర్పడటమే దీనికి కారణం. ఎర్త్ పిన్ను తీసేస్తే హమ్మింగ్ పోతుందని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు. ఇనుప జాలీ, లోహపు నాణెం రంధ్రం ఉన్న పెట్టెను పిల్లలు చేతులతో తాకుతారు, ఎర్త్ తీయడం వాళ్ళ ప్రాణాలకే ప్రమాదం, ఎన్నడూ చేయకూడదు. రెండు ప్లగ్గులనూ ఒకే స్ట్రిప్పు మీద పక్కపక్క సాకెట్లకు మార్చి, సౌండ్ కార్డుకూ ఆంప్లిఫయరుకూ మధ్య, రెండు వైపుల తీగలను నేరుగా కలపకుండానే శబ్దపు సిగ్నల్‌ను దాటించే చిన్న ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టాను. ఎర్త్ అలాగే ఉంది, హమ్మింగ్ పోయింది.

వేసవి

మే నెలలో గది 38 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం తలుపు మూసి పాటలు నడిపితే, మానిటరు పైన ఉన్న ఖాళీలో థర్మామీటరు 47 డిగ్రీలు చూపించింది. మానిటరు ఒక్కటే తొంభై వాట్ల దాకా వేడి వదులుతుంది, దాని పైకప్పు చీలికలను ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకూడదు. అడుగున వెనుక పలకకు గాలి లోపలికి వచ్చే రంధ్రాలు, మీద వెనుక పలకకు వేడి బయటికి పోయే రంధ్రాలు వేయించి, మీది రంధ్రాల దగ్గర 12 వోల్టుల కంప్యూటరు ఫ్యాను పెట్టి 9 వోల్టులతో మెల్లగా తిప్పితే ఉష్ణోగ్రత 41 దగ్గర నిలిచింది. పాట మధ్య నిశ్శబ్దంలో కూడా ఫ్యాను వినిపించదు. ఫ్యానులో కూడా చిన్న అయస్కాంతం ఉంటుంది కనుక దాన్నీ దిక్సూచికి చూపించాకే బిగించాను, పది సెంటీమీటర్ల దూరంలో సూచి కదలలేదు.

మానిటరును దాని ప్లాస్టిక్ డొల్లతోనే ఉంచాను. డొల్ల తీసేస్తే పెట్టె లోతు కొంచెం తగ్గించవచ్చు. కానీ ట్యూబు కరెంటు తీసేశాక కూడా చాలాసేపు ప్రమాదకరమైన చార్జిని నిలుపుకుంటుంది, మెడకు దెబ్బ తగిలితే పగులుతుంది. పాటల పెట్టె కోసం ఎవరూ ఆ సాహసానికి దిగవద్దు. స్పీకర్లు, ఇనుప తొడుగులు, ట్రాన్స్‌ఫార్మరు అన్నీ తమ చోట్లలో బిగించాక, రాత్రంతా చల్లారిన మానిటరును పొద్దున ఆన్ చేసి అక్కడే డీగాస్ చేయించాను. చుట్టూ ఉన్న స్థిర క్షేత్రానికి తగినట్లు షాడో మాస్క్ అక్కడికక్కడే సర్దుకోవడానికి ఇది అవసరం, బల్ల మీద చేసి తెచ్చి పెడితే సరిపోదు. ఎరుపు తెర నాలుగు మూలలా ఒకే ఎరుపుగా ఉంది. పూర్తి శబ్దంతో పాట నడుస్తున్నప్పుడు గళ్ళ నమూనా కదలలేదు.

ఇక మిగిలినది నాణెం వేసే యంత్రాంగం. ఇప్పుడు చలామణిలో ఉన్న రూపాయి, రెండు రూపాయల నాణేల్లో ఎక్కువ భాగం అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ స్టీలువి. నాణెం జారే గాడి కుడి స్పీకరు గది వెనుక నుంచి పోతే, తొడుగు ఉన్నా నాణెం అక్కడ ఆగిపోవచ్చు. అందుకే గాడిని ఎడమ పలక లోపలి నుంచి దించి, డబ్బులు పడే పెట్టెను స్పీకరు గదికి ముందు, నేలకు దగ్గరగా పెట్టాలని గీసుకున్నాను. అయితే ఆడియో తీగ కూడా ఎడమ పక్కనే ఉంది. నాణెం గుర్తించే భాగంలోని తీగచుట్ట ఆ తీగకు ఎంత దూరం ఉండాలో ముందు బల్ల మీద హెడ్‌ఫోనుతో విని తేల్చాలి, తరువాతే ముందు పలకకు నాణెం రంధ్రం కోయిస్తాను.